సముద్రంలో రెండు చెంబుల నీళ్లు

సముద్రంలో మునిగినవాళ్ల గురించి మీరు చాలానే విని ఉంటారు. సముద్రాన్నే ముంచినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. ఇదిగో, చూసుకోండి. పేరు యాదగిరి, ఊరు కొత్వాల్‌గూడ. ఆనాడు అగస్త్యుడు సముద్రాన్ని ఒక్క గుక్కలో తాగేస్తే మహర్షి అని దండం పెట్టాం. నేను తాగలేదు. కొంచెం పలచన చేశాను, అంతే. దానికి అన్ని దేశాలవాళ్లూ కలిసి నా వంక చూసిన చూపు తలచుకుంటే, ఈ రోజుకీ మజ్జిగలో నీళ్లు కలపాలన్నా ఎవరినైనా అడిగి కలుపుతాను.

మా పొలాల మీద విమానాలు దిగడం మొదలైన రెండు మూడేళ్లకు నాకు శంషాబాద్‌లో ఒక ఆఫీసులో కొలువు దొరికింది. సముద్రాల లెక్కలు చూసే ఆఫీసు అది. నవ్వకండి. మా చుట్టుపక్కల జనానికి తెలిసిన పెద్ద నీళ్లు హిమాయత్ సాగర్ ఒక్కటే. దాన్ని చూసే మేం సాగరం అని మురిసిపోతాం. మా భజన మండలిలో తాళాలు వాయించే అంజమ్మక్క మొదటి రోజే నిలదీసింది.

"ఏం రా యాదిగా, సముద్రం ఆడుంటే ఆఫీసు ఈడ పెట్టిన్రేంది?"

"కాయిదాలు తడవకుండ అక్కా."

"ఆహా! మరి నీకేం పని అండ్ల?"

"సామాన్ల గది తాళం నా దగ్గరనే ఉంటది. ఎయిర్‌పోర్టుకు ఏమొచ్చినా నేనే పోయి తెస్త."

"అంటే హమాలీ పని."

అంజమ్మక్క నోట్లో పడితే ఐరావతం కూడా గాడిద అయి బయటికొస్తుంది. నేను పట్టించుకోలేదు. ఎందుకంటే పొద్దుగూకితే మండలిలో నేను హమాలీని కాదు, పురాణం చెప్పేవాణ్ణి. మా మండలి పెద్ద నర్సింలు తాత దగ్గర చిన్నప్పటి నుంచి భాగవతం చదువుకున్నాను. ఒక పద్యం చదివి, దాని అర్థం దీపంలో నూనె అయిపోయేదాకా చెప్పేవాణ్ణి. దేవుడి మీద నాకు ఆనాడూ అనుమానం లేదు, ఈనాడూ లేదు. అనుమానం ఉండాల్సింది నా మీద. అదొక్కటే ఆనాడు లేకపోయింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు కదా, నాకు మతి పోలేదు, అర్థం చెప్పీ చెప్పీ వాచిపోయింది.

ఆఫీసులో ఉప్పు లెక్కల పెద్ద వసుంధర మేడం. కాకినాడ మనిషి. మమ్మల్ని "ఏమండీ" అనరు గానీ, "ఏరా" అని కూడా ఎప్పుడూ అనలేదు. సముద్రపు నీళ్లలో ఉప్పు ఎంతుందో కొలవడమే ఆవిడ జీవితం. ఓడల మీద వెళ్లి, కడుపులో తిప్పి వాంతులు చేసుకుంటూ, తెచ్చిన నీళ్లను ఏళ్ల తరబడి కొలిచారు. ఆ అంకెలన్నీ ఆఫీసు కంప్యూటర్లో ఉన్నాయి. కానీ బయటి దేశాలవాళ్లు వాటిని నమ్మరు.

"ఎందుకు నమ్మరు మేడం?" అని అడిగాను ఒకసారి.

"ఒకరు తేదీ ముందు రాస్తారు, ఒకరు నెల ముందు రాస్తారు. లోతు ఒకరు ఒక కొలతలో, ఇంకొకరు ఇంకో కొలతలో. ఉప్పు కొలిచే యంత్రాలు ఎవరివి వాళ్లవి. అందరి అంకెలూ ఒకచోట పోస్తే ఏమవుతుంది చెప్పు?"

"మా మండలి అయితది మేడం. తలా ఒక శ్రుతి."

ఆవిడ సంబరపడిపోయారు. "సరిగ్గా అదే! ముందు శ్రుతి కలవాలి. తర్వాతే పాట."

ఆ శ్రుతి కలపడానికే దేశాలన్నీ ఒక ఒప్పందానికి వచ్చాయి. ఒక ఓడ ఏదో ఒక సముద్రంలో ఒకే చోట నీళ్లు తోడి, ఒకే పీపాలో కలిపి, సీసాల్లో నింపి, ప్రతి దేశానికీ ఒక పెట్టె పంపుతుంది. ఏ సముద్రమో చెప్పరు. అందరూ ఆ నీళ్లు కొలిచి తమ అంకె చెప్పాలి. నీళ్లు ఒకటే కాబట్టి అంకె కూడా ఒకటే రావాలి. ఎవరిది కలిస్తే వాళ్ల పాత లెక్కలన్నీ అందరి ఉమ్మడి ఖజానాలో చేరతాయి. ఎవరిది కలవకపోతే వాళ్ల లెక్కలు వాళ్ల దగ్గరే ఉంటాయి. ఆ సభ కూడా మన శంషాబాద్‌లోనే, ఎయిర్‌పోర్టు పక్క హోటల్లో.

"ఈ ఒక్కటీ అయితే చాలు యాదగిరీ. ఎండాకాలం నా రిటైర్‌మెంటు. నా లెక్కలు అందులో చేరాయని చూసుకుని నిశ్చింతగా కాకినాడ వెళ్లిపోతాను" అన్నారు మేడం.

పెట్టెను ఎయిర్‌పోర్టు నుంచి నేనే తెచ్చాను. ఒళ్లో పెట్టుకుని తెచ్చాను, వసుదేవుడు బుట్ట మోసినట్టు. మేడం పెట్టె సీలు విప్పి, సీసాలు సరిచూసుకుని, "రెండు రోజులు ఢిల్లీలో పని ఉంది. వచ్చాక కొలుస్తాను. జాగ్రత్త" అని నాకు అప్పగించి వెళ్లారు. సీసాలకు ఉత్త మరమూతలే. ఈ వివరం గుర్తుంచుకోండి. నా కర్మ అంతా ఆ మూతల దగ్గరే తిరిగింది.

సరిగ్గా అప్పుడే మాఘ పౌర్ణమి వచ్చింది. ఆ రోజు సముద్రస్నానం చేస్తే కలిగే పుణ్యం గురించి ఆ నెలంతా మండలిలో చెప్పింది ఎవరనుకున్నారు? నేనే. నా మాటలకు కరిగిపోయి జనం బందరు పోవడానికి బస్సు మాట్లాడుకున్నారు. చపాతీలు, పులిహోర, మార్చుకునే బట్టలు, అన్నీ మూటలు కట్టారు. తెల్లవారితే ప్రయాణమనగా బంద్ అన్నారు. తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులవి. బస్సువాడు ఫోన్ ఎత్తడం మానేశాడు.

మండలి వాకిట్లో శోకం చూడాల్సిందే. నర్సింలు తాత మూట ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడని మనిషి. అంజమ్మక్క మాత్రం ఊరుకోలేదు.

"సముద్రంల మునగాలె, మోక్షమొస్తదని నెలరోజులు చెవులు కొరికినవు గదరా. ఇగ ఏం జేస్తం? హిమాయత్ సాగర్ల ఉప్పేసుకొని మునుగుదమా?"

జనం నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. సరిగ్గా అప్పుడే, హనుమంతుడికి తన బలం గుర్తొచ్చినట్టు, నా గదిలో తాళం వేసి ఉన్న పెట్టె నాకు గుర్తొచ్చింది.

"సముద్రం కాడికి మనం పోవుడేంది అక్కా? సముద్రమే మన కాడికొస్తది" అన్నాను.

చూశారా, మాట. అలాంటి మాట నోట్లోంచి వచ్చినప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండి చెంప మీద ఒకటివ్వాలి. నా ఖర్మకు అందరూ చప్పట్లు కొట్టారు.

మేడంకు ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటారు. అడిగితే వద్దంటారు. వద్దన్నాక చేస్తే పాపం. అందుకని పాపానికి భయపడి అడగలేదు.

ఇక్కడ మా ఇళ్లలో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి. కాశీ నుంచి ఎవరైనా గంగ తెస్తే, ఆ చెంబు ఎన్నటికీ ఖాళీ కాదు. గంగ అయిపోకముందే బావినీళ్లు పోస్తాం. గంగ తగిలిన నీళ్లు గంగే కదా. మా తాతలనాటి గంగ ఇప్పటికీ మా దేవుడి గూట్లో ఉంది. గంగకే అంత మహిమ ఉంటే, గంగ వెళ్లి కలిసే సముద్రానికి ఎంత ఉండాలి? ఇంకా అనుమానమేముంది? కొంచెం తీసుకుని, తీసుకున్నంత నీళ్లు పోస్తే సముద్రం సముద్రంలాగే ఉంటుంది. నాకు ఇది వేదవాక్కులా తోచింది.

ఒక్క సీసా నుంచే తీస్తే దానికి అన్యాయం జరుగుతుందని, ఇత్తడి బిందెను చింతపండుతో తోమి, సీసాలన్నీ అందులో వంచాను. రెండు చెంబులు తీశాను. రెండు చెంబుల ఫిల్టర్ నీళ్లు పోశాను. గోవింద నామం చెప్పుకుంటూ బాగా కలిపి, మళ్లీ సీసాలన్నిటినీ మెడదాకా నింపాను. తులసి దళం వేయాలని చేయి ఎంత లాగిందో! సైన్సు మీద గౌరవంతో వేయలేదు. నా నిగ్రహానికి నేనే మురిసిపోయాను.

పౌర్ణమి నాడు తెల్లవారగానే మండలి వాకిట్లో ఉన్న గోలేన్ని, అంటే పెద్ద నీళ్లతొట్టిని, బావినీళ్లతో నిండా నింపి, ఆ రెండు చెంబులూ అందులో పోశాను. సంకల్పం చెప్పాను. జనం తలల మీద పోసుకుంటూ గోవిందా అని అరుస్తుంటే విమానాల చప్పుడు కూడా వినబడలేదు. నర్సింలు తాత దోసిట్లో నీళ్లు పట్టుకుని చాలాసేపు చూశాడు. "గిదేనా రా సముద్రం?" అన్నాడు. "గిదే తాతా" అన్నాను. ఆయన కళ్ల నిండా నీళ్లు. ఆ మాటకొస్తే ఆ గోలెంలో ఉన్న కాస్త ఉప్పు ఆయన కన్నీళ్లదే అయ్యుండాలి.

మేడం వచ్చారు, కొలిచారు. అన్ని సీసాలకూ ఒకే అంకె వచ్చింది. రాదా మరి, అంత బాగా కలిపాను! అంకె కాస్త తక్కువే అనిపించినా, ఏ నది కలిసే చోటి నీళ్లో అనుకున్నారు. పంచుకోవడమంటే ముందు మన చేయి చాపడమని, అందరికంటే ముందు తన అంకెను దేశాలన్నీ చూసే ఉమ్మడి పేజీలో పెట్టేశారు.

ఇక సభ. తేనీరు అందించడానికి, మైకు మోయడానికి నన్ను కూడా తీసుకెళ్లారు. తెల్లగడ్డం పెద్దాయన అధ్యక్షుడు. దేశాల అంకెలన్నీ తెర మీద పడ్డాయి. అన్నీ ఒక్కచోట, మాలలో పూలలాగా. కిందెక్కడో, మాల తెగి రాలిన పువ్వులా, మన అంకె.

మేడం ముఖం చూడలేకపోయాను. మన అంకె ఎందుకు రాలిందో నాకింకా తెలియదు సుమండీ. పాపం ఎవరిదో తప్పు అనుకుని జాలిపడుతున్నాను.

అంతలో ఒక వింత జరిగింది. మన అంకె పక్కనే ఇంకొక అంకె ఉంది. అచ్చం మనదే, చివరి చుక్క వరకూ. ఆ దేశం పేరు చెప్పను. దాని ప్రతినిధి ఎర్ర టై ఆయన లేచి బల్ల గుద్దాడు. "మేం మళ్లీ మళ్లీ కొలిచాం. భారతదేశం అంకే నిజం. మిగతా అందరిదీ తప్పు!" అన్నాడట. ఇంకేముంది, హాలు రెండుగా చీలింది. క్షీరసాగరాన్ని చిలికినప్పుడు కూడా దేవతలూ రాక్షసులూ అంతగా అరుచుకుని ఉండరు. కొందరు ఒప్పందమే వద్దని కాగితాలు సర్దుకోసాగారు. తెల్లగడ్డం ఆయన గొడవ చల్లారడానికి టీ విరామం ఇచ్చాడు.

మేడం ఒక మూల నిలబడి ఉంటే టీ తీసుకెళ్లి ఇచ్చాను.

"పరేషాన్ గాకుండ్రి మేడం. ఎర్ర టై సారు మన దిక్కే ఉన్నడు గద."

"అదే నాకు భయంగా ఉంది. యాదగిరీ, ఆ పెట్టెకు ఎండ గానీ తగిలిందా?"

"లేదు మేడం. దేవుని అర్ర లెక్క చూసుకున్న."

"మరి ఉప్పు ఇంత తక్కువేమిటి? ఎవరో నీళ్లు పోసినట్టు!"

నేను నవ్వాను. నిజంగా నవ్వాను. "నీళ్లు పోస్తే ఉప్పు తగ్గుతదా మేడం?"

"సాంబారులో తగ్గదూ?"

"సాంబార్ ముచ్చట వేరు మేడం. గిది సముద్రం. గంగ చెంబుల గంగ ఒడవకముందే బాయినీళ్లు పోస్తే అంతా గంగనే అయితది గద..."

మేడం చేతిలో కప్పు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"యాదగిరీ, నువ్వు పోశావా?"

"పోసిన మేడం. ఉత్తగ పొయ్యలే. తీసినంతనే పోసిన."

"తీశావా!"

"ఫిల్టర్ నీళ్లే మేడం. తులసాకు గూడ ఎయ్యలే."

ఆవిడ కప్పు కింద పెట్టి రెండు చేతులతో ముఖం మూసుకున్నారు. అప్పుడు చెప్పారు నాకు, వేళ్ల సందుల్లోంచి, చిన్న పిల్లాడికి చెప్పినట్టు. ఉప్పు మహిమతో ఉండదని. నీళ్లు పెరిగితే తగ్గుతుందని. తన ఏళ్ల లెక్కలన్నీ ఆ సీసాల్లో ఉన్నాయని. కాళ్ల కింద భూమి జారడం అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేసినవాళ్లున్నారు, ఆ ఇంటి ఉప్పునే తగ్గించినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏడేడు సముద్రాలు ఈదిన మనిషి నా రెండు చెంబుల్లో మునిగిపోయింది.

కాసేపటికి ఆవిడ చేతులు తీశారు. "మనం నోరు మూసుకుంటే సగం హాలు మన వైపే ఉంటుంది" అన్నారు మెల్లగా.

"గట్లనే చేద్దం మేడం. ధర్మరాజంతటోడు గూడ ఒక్కసారి మెల్లగ అన్నడు గద, అబద్ధం."

"అందుకే ఆయన రథం నేలకు దిగిపోయింది యాదగిరీ. నడు. మైకు నువ్వే పట్టుకో."

ఇంత పురాణం చెప్పేవాణ్ణి, ఆ ముగింపు నాకెందుకు గుర్తురాలేదో దేవుడికే తెలియాలి.

బంద్, బిందె, స్నానం, తాత కన్నీళ్లు, అన్నీ మైకులో నేను తెలుగులో చెప్పాను. మేడం ఇంగ్లీషులో చెప్పారు.

తెల్లగడ్డం ఆయన అడిగాడు, మేడం నాకు చెప్పారు. "ఆ స్నానం ఏదైనా చర్మవ్యాధికా?"

"కాదు సార్. మోక్షానికి."

మోక్షాన్ని ఇంగ్లీషులో పెట్టడానికి మేడం పడ్డ పాట్లు మోక్షం సాధించడానికి మునులు కూడా పడి ఉండరు.

"ఎన్ని నీళ్లు కలిపావు?"

"రెండు చెంబులు."

"చెంబు అంటే ఎంత?"

"మా ఇంటి చెంబా సార్, మండలి చెంబా?"

అంతే. కొలతల గురించి వాదించుకుంటున్న దేశాలన్నిటికీ కొత్త కొలత దొరికింది. చెంబు లీటరుకు ఎంత, నిండుగానా, మెడదాకానా? ఒకాయన కాగితం మీద చెంబు బొమ్మ కూడా గీసి, ఇలా ఉంటుందా అని నాకు చూపించాడు. అది కూజా. చెప్పడానికి ధైర్యం చాలక తల ఊపాను.

చివరికి తెల్లగడ్డం ఆయన చేయెత్తి అందరినీ ఆపాడు. "భారతదేశం అంకె ఎలా వచ్చిందో అర్థమైంది" అన్నాడు. తర్వాత కళ్లజోడు సర్దుకుని, నెమ్మదిగా ఎర్ర టై ఆయన వైపు తిరిగాడు.

"మరి మీ నీళ్లలో ఎవరు స్నానం చేశారు?"

ఎర్ర టై ఆయన ముఖం టైకన్నా ఎర్రగా అయింది. వాళ్ల యంత్రం చెడిపోయిందట. వసుంధర మేడం అంకె తప్పు కాదనే నమ్మకంతో, ఉమ్మడి పేజీలోంచి దించుకున్నాడట. మేడం అంకెను నమ్మిన పరాయి దేశపు మనిషి చివరికి ఆయనొక్కడే దొరికాడు. ఎప్పుడు నమ్మాడో చూశారా!

హాలంతా నవ్వింది. అప్పటిదాకా దేనికీ ఒప్పుకోని దేశాలు ఒక్క తీర్మానానికి ఏకగ్రీవంగా చేతులెత్తాయి. ఇక మీదట ప్రతి సీసా మూతకూ సీలు వేయాలి, అందరి అంకెలూ అందేదాకా ఎవరివీ బయట పెట్టకూడదు అని. అంత ఐకమత్యం నా చేతి మీదుగా జరిగింది. ఎవరూ శాలువా కప్పలేదు.

మేడం ఒక్కరే నవ్వలేదు. నీళ్లు చెడిపోయాయి కాబట్టి మన యంత్రం మంచిదో కాదో తేలలేదు. కొత్త పెట్టె మరుసటి ఏడాదికి. అప్పటిదాకా ఆవిడ లెక్కలు బయటే. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కొలువు పీకించి ఉంటే ఇంకా బాగుండేది. ఏమీ అనలేదు. ఎండాకాలం వచ్చింది, పూలదండ వేశారు, ఆవిడ కాకినాడ వెళ్లిపోయారు. నేనే సామాను రైలెక్కించాను. బండి కదిలేటప్పుడు, "తాత బాగున్నారా?" అని అడిగారు. ఆ మాటకన్నా ఏ తిట్టయినా మెత్తగా ఉండేది.

మరుసటి ఏడు కొత్త నీళ్లు వచ్చాయి. అదే యంత్రం మీద కొత్త సారు కొలిచారు. అంకె కలిసింది. మేడం లెక్కలన్నీ ఖజానాలో చేరాయి. అక్కడ మనుషుల పేర్లు రాయరట, దేశం పేరే రాస్తారట. వెంటనే కాకినాడకు ఫోన్ చేశాను.

"మేడం, కలిసింది! మీ లెక్కలన్నీ చేరినయి!"

సంతోషంతో ఏడుస్తారేమో అనుకున్నాను. ఆవిడ చాలా జాగ్రత్తగా, ఒక్కొక్క మాటే తూచి అడిగారు.

"ఏ నీళ్లు యాదగిరీ?"

"సీలు నీళ్లు మేడం! నేను తలుపు దాక గూడ పోలే!"

అప్పుడు నమ్మారు. నమ్మి ఫోన్ పెట్టేశారు.

ఆ సాయంత్రం మండలికి వెళ్తే అంజమ్మక్క తాళాలు పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది. "పోయినేడు తానం చేసినంక నా మోకాళ్లు మంచిగైనయి రా. మల్ల మాఘం వస్తుంది. గీసారి ఏ సముద్రం తెస్తున్నవ్?"

అందుకని, చదివే పెద్దలారా, అష్టదిక్పాలకుల సాక్షిగా, అంజమ్మక్క మోకాళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పుణ్యం కావాలంటే బస్సెక్కి బందరు పోతాను. బంద్ అయితే నడిచి పోతాను. అంతే తప్ప, సాక్షాత్తూ పాలసముద్రాన్నే సీసాలో పోసి, శేషశయనుడితో సహా నా గదిలో పెట్టి తాళం చేతికిచ్చినా, స్వామీ, దాహంతో చస్తాను గానీ మూత ముట్టను. తప్పనిసరై ముట్టినా, చుక్క తీయను. తీసినా, పోయను. పోసినా... లేదు లేదు, తీయనే తీయను.